నా చేతి విత్తనం, ఆయన దొంగ రిపోర్టు

పెళ్లయిన మూడో ఏడు, శనగ విత్తే రోజున, పిల్లలు కాకపోవడానికి లోపం నాలోనే ఉందని మొదటిసారి విన్నాను. చెప్పింది డాక్టరు కాదు, మా అత్త. మా ఇంట్లో తొలి పిడికెడు విత్తనం కోడలు వేయాలి. నేను గంపలో చేయి పెట్టగానే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు పక్కకుండుమ్మే. నీ చేత్తో ఏస్తే సేను గూడా నీ మాదిరే అయితాది."

కూలీలందరూ విన్నారు. మా ఆయన ఓబులేసు ట్రాక్టరు మీద కూర్చుని ఎటో చూశాడు.

శిరివెళ్ల దగ్గర మా ఊరి నుంచి నాలుగేళ్లు నంద్యాల ఆస్పత్రికి తిరిగాను. థైరాయిడ్, హార్మోన్లు, నెలనెలా గుడ్డు ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కానింగ్. ట్యూబులు చూడటానికి హెచ్‌ఎస్‌జీ చేసినప్పుడు బల్ల అంచు పట్టుకుని అరిచాను. గుడ్లు పెరగడానికిచ్చిన ఇంజెక్షన్లకు పొట్టలో నీరు చేరి వారం ఆస్పత్రిలో పడున్నాను. తర్వాత ల్యాపరోస్కోపీ, పొట్ట మీద మూడు కోతలు. అన్నీ నార్మల్.

మొదటి వారమే డాక్టరు మా ఆయన వీర్య పరీక్ష రిపోర్టు అడిగాడు. ఆళ్లగడ్డలో చేయించానని ఆయన కాగితం తెచ్చాడు. అదీ నార్మలే. దాంతో నా ఫైలు మీద 'అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్' అని, అంటే కారణం తెలియదని, రాశారు. వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించే ఐయూఐ చేద్దాం, ఇద్దరూ రండి అంటే మాత్రం ఆయనకు ప్రతిసారీ సేద్యం పని అడ్డమొచ్చేది. అత్త ఆ కాగితం సంగతి ఇంటింటికీ చెప్పింది. ఏటా విత్తే రోజు నేను గట్టు మీద నిలబడ్డాను.

ఇది ఎలాంటి ఇల్లనుకున్నారు? విత్తే ముందు నూరు గింజలు తడి గోనెపట్టలో చుట్టి, నాలుగు రోజులకు విప్పి, మొలకలు లెక్కపెట్టే ఇల్లు. మొలక తక్కువైతే అత్త విత్తనాన్ని వెనక్కి పంపేస్తుంది. నేలను మాత్రం ఒక్కమాట అనదు.

ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, భర్త రాకపోతే ఫైలు మూసేస్తానంది. ఎందుకు మూశారని ఊళ్లో అడుగుతారన్న భయానికి ఓబులేసు వచ్చాడు. ఆమె పాత కాగితం తిప్పి చూసింది.

"ఇందులో కౌంట్ తప్ప ఏమీ లేదు. మార్ఫాలజీ, అంటే కణాల ఆకారం, ఏది? ఈరోజే ఇక్కడ శాంపిల్ ఇవ్వండి."

వరండాలోకి రాగానే ఆయన ముఖంలో నెత్తురు లేదు. "నేను ఆడ శాంపిలే ఇయ్యలేదు. సిగ్గేసింది. ల్యాబ్‌లో తెలిసినోడుంటే రాసిచ్చినాడు."

"నా పొట్ట కోస్తాంటే బయట కూసోనుంటివే. అప్పుడన్నా నోరు రాలేదా?" అన్నాను.

ఈసారి రిపోర్టు నిజం చెప్పింది. దాదాపు ప్రతి కణానికీ తల పెద్దది, తోకలు రెండో మూడో. రక్తం హైదరాబాదుకు పంపి జెనెటిక్ టెస్ట్ చేయించారు.

"ఏయూఆర్‌కేసీ అనే జీన్‌లో మార్పు ఉంది. వీర్యకణం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగా విడిపోవడానికి ఆ జీన్ చేసే కైనేజ్ ప్రోటీన్ కావాలి. ఈయనలో అది పనిచేయడం లేదు. మందులతో మారదు. కణాన్ని నేరుగా గుడ్డులోకి ఎక్కించే ఇక్సీ కూడా పనికిరాదు. మీ అమ్మానాన్నలది దగ్గరి సంబంధమా?" అని డాక్టరమ్మ ఆయన్ను అడిగింది.

"మా అమ్మకు నాయన సొంత మేనమామ."

"అందుకే రెండువైపుల నుంచీ అదే మార్పు వచ్చింది. ఇది ఎవరి తప్పూ కాదు. దాత ఇచ్చిన డోనర్ శాంపిల్‌తో ప్రయత్నించవచ్చు, లేదా దత్తత."

జీన్ ఎవరి తప్పూ కాదు, ఒప్పుకున్నాను. దొంగ కాగితం ఎవరి తప్పో నాకు తెలుసు.

ఇంటికొచ్చి చెబితే అత్త వీధి తలుపు మూసి అంది: "డోనర్ సంగతి యాడా అనొద్దండి. కోడలికి మందు పారిందనుకుంటారులే."

ఒళ్లు మండింది. బిడ్డ పుట్టినా లోపం నాదిగానే మిగలాలన్నమాట. "ముందు ఈయన విత్తే రోజు అందరిలో చెప్పల్ల. ఆ తర్వాతే ఆస్పత్రి. లేకుంటే నేను పుట్టింటికి పోతా" అన్నాను. అత్త ఏడ్చింది, ఆయన బతిమాలాడు. నేను మెత్తబడలేదు.

విత్తే రోజున కూలీలందరి ముందు ఆయన ట్రాక్టరు పక్కన నిలబడి ఏదో గొణిగాడు.

"ఇంజన్ ఆపి చెప్పు. వినపడలా" అన్నాను.

ఆపాడు. "లోపం నాది. ఆమెది కాదు. నేను తెచ్చిన రిపోర్టు దొంగది."

"గంప పట్టుకో అత్తా" అన్నాను. ఆమె గంప ఎత్తి నా ముందు పట్టుకుంటే చూసి తృప్తిపడ్డాను. దాచుకోవడం ఎందుకు? తొలి పిడికెడు నేనే వేశాను. చేను బాగా మొలిచింది.

డోనర్ ఐయూఐ ఒకసారి ఫలించలేదు. వచ్చే నెల మళ్లీ పోతున్నాం. అత్త నాతో మాట్లాడటం లేదు. నాకు అన్నం బాగానే సయిస్తోంది.

అక్కచెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. మీరు ఒక్క మాత్ర మింగే ముందే భర్తకు పరీక్ష చేయించండి. ల్యాబ్ దాకా మీరూ పోండి. రిపోర్టులో పేరు, తేదీ, మార్ఫాలజీ మీ కళ్లతో చూడండి.

ఆ దొంగ రిపోర్టును చించేయమని ఓబులేసు ఇప్పటికీ అడుగుతాడు. నేను లామినేషన్ చేయించి, విత్తనాల గదిలో మేకుకు తగిలించాను. ఏటా మొలకలు లెక్కపెట్టడానికి అత్త ఆ గదిలోకి పోవాల్సిందే.