రమ్యకు దక్కిన ఫాయిబుల్

ఈ ఉదయం నానక్‌రామ్‌గూడ ఆఫీసు లిఫ్టులో ఎవరో లవంగం నములుతున్నారు. ఆ ఘాటు తగలగానే శకుంతల మేడమ్ గుర్తొచ్చారు. నా మొదటి మేనేజరు. బుగ్గన లవంగం లేనిదే మీటింగులో నోరు విప్పేవారు కాదు. నాకు పని నేర్పింది ఆవిడే. అసూయ నేర్పింది కూడా ఆవిడే అంటే తప్పు కాదు.

నా పక్క సీటు రమ్యది. క్లయింటుకు ఫైలు జతచేశానని రాసి, ఫైలు పెట్టకుండానే మెయిల్ పంపేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. మేడమ్ పకపకా నవ్వి, "అది రమ్య ఫాయిబుల్. పోనియ్యుండ్రి" అనేవారు. అప్రైజల్‌లో నాకు మాత్రం, ఎదుటివాళ్ళు ముగించకముందే మాటకు అడ్డుపడటం "వీక్‌నెస్" అన్నారు. సీటుకొచ్చి ఫాయిబుల్‌కి అర్థం వెతికాను. మనిషిలోని చిన్న లోపం, ఎవరికీ హాని చెయ్యనిది, చూసి నవ్వుకునేది అని ఉంది. నాన్నగారి చాదస్తం గురించి చెప్పేటప్పుడు మా అమ్మ గొంతులో పలికే మురిపెం ఆ మాటలో ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దులే అని సర్దిచెప్పుకోబోయాను గానీ, కుదరలేదు. ప్రమోషన్ రాకపోయినా ఫర్వాలేదు, మేడమ్ నోట ఆ మాట నాకూ కావాలనిపించింది.

ఉండబట్టలేక ఓరోజు ఆవిడ గదిలోకి వెళ్ళి అడిగేశాను.

"రమ్యది ఫాయిబులూ, నాది వీక్‌నెస్సూనా అండీ?"

"జర కూసో. రమ్య ఇంకో మెయిల్ పంపిస్తది, అయిపాయె. నువ్వు మాట తుంచితే ఆ మనిషి ఇగ మల్ల నోరు తెరవడు. గదాన్నెట్ల ముద్దు చేస్త? నువ్వు..."

"నేనేం కావాలని చెయ్యట్లేదండీ!"

"చూసినవా, మల్ల అడ్డమొచ్చినవ్. దిద్దుకుంటవనే చెప్తున్న."

దిద్దుకున్నాను. బుద్ధి వచ్చి కాదు, రమ్య మీద పంతంతో. ఎవరైనా మాట్లాడుతుంటే నాలుక పళ్ళ మధ్య నొక్కిపెట్టి కూర్చునేదాన్ని. ఏళ్ళు పట్టింది.

మేడమ్ రిటైరైన రోజు రమ్యను దగ్గరకు లాక్కుని, "ఈ పిల్ల ఫాయిబుల్ లేకుంటె ఇంట్ల నాకు పొద్దెట్ల పోతది" అన్నారు. తరువాత నా భుజం మీద చెయ్యి వేసి, "ఈమెకు వంక పెట్టనీకి ఏం మిగల్లే" అన్నారు గర్వంగా. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది, ఆనందంతో అనుకున్నారు.

ఇప్పుడు నేనూ మేనేజర్నే. కొత్తవాళ్ళు ఎంత తడబడుతూ చెప్పినా చివరిదాకా వింటాను. అది ఆవిడ పెట్టిన భిక్ష. అయినా ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు మేడమ్‌కు రమ్య తలపుకొచ్చి నవ్వొస్తుంది. నన్ను తలుచుకుని నవ్వుకోవడానికి ఆవిడకు నేనేమీ మిగల్చలేదు.