చక్కెర పళ్లెంలో ఉప్పు

దయ్యాలూ మహిమలూ పనిలేనివాళ్ళ మాటలని చెప్పే ఇంట్లో పుట్టాను. మా పెద్దల భూములు పోయాయి గానీ ఆ పట్టుదల నాకు మిగిలింది. ఎవరినీ నమ్మించడానికి ఇది రాయడం లేదు.

పోయిన ఏడాది కర్నూలులో కడప జట్టుకూ కర్నూలు జట్టుకూ ఫుట్‌బాల్ ఆట. నేనూ, నా స్నేహితులు బాషా, శివయ్యా పొద్దున్నే కడపలో బస్సెక్కాం. ఆట సాయంత్రం నాలుగింటికి. అంతవరకు ఊరు చూద్దామని కొండారెడ్డి బురుజు ఎక్కి దిగాం. దారి పొడుగునా నేను మా ముత్తాత గురించీ, ఆయన గుర్రాల గురించీ చెబుతూనే ఉన్నాను.

"ఆ గుర్రాల్లో ఒకటన్నా మిగిలింటే ఈ ఎండలో నడిచే పని తప్పేది గదప్పా" అన్నాడు బాషా.

ఒక సందులో చిన్న దర్గా కనబడితే, మన జట్టు గెలవాలని చక్కెర చదివిద్దామన్నాడు బాషా. ఆ దర్గా చూసుకునే ముజావర్ డెబ్బై దాటిన మనిషి. బాషా తెచ్చిన చక్కెర ఇత్తడి పళ్లెంలో పోసి, చదివి, మా ముగ్గురి చేతుల్లో తలా కొంచెం పెట్టాడు.

నోట్లో వేసుకున్నాను. ఉప్పు.

మా ఇంటి మగవాళ్ళు దర్గాలో చక్కెర తీసుకోరు. చిటికెడు ఉప్పు అడిగి తీసుకుంటారు. మా తాత వరకూ అట్లాగే జరిగింది. నాయన దర్గాలకు పోవడమే మానేశాడు. నాకు ఆ సంగతి తెలుసు, కానీ చేయి చాపినప్పుడు గుర్తు రాలేదు.

బాషా నా మాట నమ్మక, నా అరచేతిలో మిగిలింది నాకి చూశాడు. మొహం మారిపోయింది. పళ్లెంలోంచి ఇంకొంచెం తీసుకున్నాడు. అది తియ్యగానే ఉంది. శివయ్యకూ అంతే. ముజావర్ మాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

"ఈడ ఉప్పే లేదప్పా" అని, నన్ను కొంతసేపు చూసి, "మీది యా ఊరు?" అన్నాడు.

కడప అన్నాను. మా పల్లె పేరు చెప్పడానికి నోరు రాలేదు.

ఆటలో నా మనసు నిలవలేదు. ఆ ఆచారం ఎందుకొచ్చిందో మా ఇల్లు దాటి ఎవరికీ చెప్పలేదు. రెండో సగంలో స్నేహితులకు చెప్పాను. మా ముత్తాత తన గుర్రాలు చూసే ఖాదర్ సాయిబు మీద నగ దొంగతనం మోపి, కొట్టించి వెళ్ళగొట్టాడు. ఏడాది తర్వాత ఆ నగ మా ఇంట్లోనే, శనక్కాయల గాదెలో దొరికింది. క్షమాపణ అడగడానికి ముత్తాత కర్నూలు వచ్చేసరికి ఖాదర్ సాయిబు ఒక దర్గాలో తలదాచుకుని, అక్కడే చనిపోయి ఉన్నాడు. ఏ దర్గానో మాకు తెలియదు. మా ఉప్పు తిని మాకు ద్రోహం చేయని మనిషి కాబట్టి, ఇక దర్గాలో తీపి ముట్టబోమని, ఉప్పే తీసుకుంటామని ముత్తాత మొక్కుకున్నాడట.

"ఇన్నేండ్లు గుర్రాలు మాత్రమే చెప్తివి" అన్నాడు బాషా.

చుట్టూ జనం లేచి అరిచారు. ఆ ఆటలో పడిన ఒకే ఒక గోలు అది. ఏ జట్టు వేసిందో మాకు పక్కవాళ్ళు చెప్పాల్సి వచ్చింది.

ఒకే పళ్లెం, పెట్టింది ఒకే చేయి. నా అరచేతిలోకి ఉప్పు ఎట్లా వచ్చిందో నేను ఇప్పటికీ చెప్పలేను.