ఆ బొమ్మలు మా వాడివి కావు

సూరత్‌లోని లింబాయత్‌లో మా ఇంటి అద్దాల షెల్ఫులో నిలబడి ఉన్న జపాన్ బొమ్మలు నావి. మా అబ్బాయివి కావు. ఈ ముక్క ఎవరికి చెప్పాలో ఆ మనిషే నా ఎదుట నిలబడి అడిగిన రోజున నేను చెప్పలేదు. పైగా వాటిని మా వాడి మీదికి తోసేశాను. మా చుట్టాల్లో ఇప్పటికీ కొందరు ఆ మాటే నమ్ముతున్నారు. వాళ్ల కోసం, మా వాడి కోసం ఇది మొదటి నుంచి రాస్తున్నాను.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాయి. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడులోనే బతికిన నాకు, అది ఆగిపోయాక చెవుల్లో ఏదో గుయ్యిమనేది. మా వీధిలో సగం మంది ఏ లారీ దొరికితే ఆ లారీ ఎక్కి కరీంనగర్ వైపు వెళ్లిపోయారు. మేము ఉండిపోయాం. పాండేసరలో మా వాడు పనిచేసే రంగుల మిల్లు కూడా మూతపడింది. ఒక గది, ఒక వంటిల్లు. అందులో నేను, నా భార్య, మా వాడు. వాడు ఫోనులో ఆట ఆడుకునేవాడు. నేను గోడ చూసేవాణ్ని.

ఒకరోజు వాడికే జాలేసి ఫోను నా చేతిలో పెట్టాడు. "ఊకె గోడ దిక్కు సూసుకుంట కూసుంటవేంది బాపూ, జర గిది ఆడు."

కత్తులు పట్టుకుని జట్టుగా కొట్లాడే ఆట అది. నేను అడుగుపెట్టగానే చచ్చిపోయేవాణ్ని.

"సచ్చినవ్ బాపూ."

"ఇప్పుడే గదరా లేసిన!"

"లేసినంక ఆడనే నిలబడ్తరా? ఉర్కాలె."

వంటింట్లోంచి నా భార్య అంది, "మీ బాపు పెండ్లి నాడు గూడ గట్లనే నిలబడ్డడు, ఎవలో తోస్తే గాని ముంగటికి రాలె."

నెమ్మదిగా పరుగెత్తడం నేర్చుకున్నాను. నడుస్తున్న సాంచాలో పోగు తెగితే రెప్పపాటులో పట్టి ముడివేసే వేళ్లు ఇవి. అవి ఊరికే పోలేదు. కొన్ని వారాలకు మా వాణ్నే ఓడించాను. ఎవరో ముఖం తెలియని పిల్లలు, పూణే వాళ్లు, ఇండోర్ వాళ్లు, నన్ను తమ జట్టులోకి పిలిచారు. గొంతు విని వయసు పోల్చుకున్నారు కాబోలు, కాకా, అంటే బాబాయ్, అనేవారు. ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, మాస్టర్ అని ఎందరు పిలిచినా రాని సంతోషం ఆ పిలుపుతో వచ్చింది.

ఆట తర్వాత జపాన్ కార్టూన్ కథలు, కథల తర్వాత బొమ్మలు. సాంచాలు మళ్లీ కదిలాక నా కూలీలోంచి మొదటి బొమ్మ తెప్పించుకున్నాను. నాకు ఆన్‌లైన్‌లో కొనడం రాదు. మా వాడి ఫోను నుంచి, వాడి పేరు మీదే పార్సిల్ వచ్చింది. నీలం జుట్టు అమ్మాయి, చేతిలో కత్తి, ఎదురుగాలికి ఎగిరిన పొడవాటి లంగా. పెట్టె విప్పి బొమ్మను చాలాసేపు తిప్పితిప్పి చూశాను.

"ముఖం సూడు బాపూ, ఎంత మంచిగున్నదో," అన్నాడు వాడు.

"ముఖం సరేరా, గీ లంగా సూడు. పాలిస్టర్ అయితే గిట్ల ఎగరదు. ఇది బరువు బట్ట. నడుం కాడ కుచ్చులు దగ్గరికి వచ్చి, అంచు కాడ విచ్చుకున్నయి."

"అది ప్లాస్టిక్ బాపూ!"

"ప్లాస్టికే. చేసినోడు బట్టను మంచిగ సూసినోడు."

బట్ట నేసేవాడిగా నాకు తెలిసింది అదొక్కటే. ఆ తెలిసినదాన్నే పట్టుకుని ఒక్కొక్కటీ ఎంచుకున్నాను. డుమస్ బీచిలో ఒకసారి భజియాల బండి పక్కన అచ్చం అలాంటి బొమ్మే అమ్ముతుంటే దూరం నుంచే నకిలీ అని చెప్పాను. దాని లంగా రేకుడబ్బాలా బిగుసుకుని ఉంది. మా వాడు దగ్గరికి వెళ్లి చూసి, కళ్లు కూడా వంకరే అని నవ్వుకుంటూ వచ్చాడు. ఈ వయసులో ఇంత కొత్త విద్య పట్టుబడినందుకు నాకు గర్వంగానే ఉండేది. ఆ గర్వం మాత్రం గడప లోపలే. గడప దాటితే నేను మాస్టర్ని, నెరిసిన మీసాలవాణ్ని.

నా భార్య తమ్ముడికి సొంతంగా ఖాతా ఉంది. నేను నేర్పిన పనితోనే మొదలుపెట్టి యజమాని అయ్యాడు. ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చి, మాస్కు గడ్డం కిందికి లాగి, షెల్ఫు దగ్గర ఆగాడు.

"ఏంది బావా, ఇంట్ల బొమ్మల దుకాన్ పెట్టినవా? ఎవలియి గివి?"

మా వాడు అక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. నా నోటి నుంచి వచ్చిన మాట, "వానియే. పొద్దంత గదే లోకం."

మా వాడు తలెత్తి నన్ను ఒక్కసారి చూశాడు. తర్వాత మామను చూసి, "ఔ మామా, నాయే," అన్నాడు. మళ్లీ తింటూ కూర్చున్నాడు. నా భార్య గిన్నె కొంచెం గట్టిగా కింద పెట్టింది.

ఆ రోజు నుంచి మా చుట్టాల్లో వాడు బొమ్మలోడు అయ్యాడు. పెళ్లిళ్లలో నవ్వేవారు. వాడు తానూ నవ్వేసేవాడు. నాకు అది చిన్న విషయంలాగే అనిపించింది. అలా అనిపించేట్టు చేసుకున్నాను.

తర్వాత బామ్మర్ది తన ఖాతాకు నమ్మకమైన మనిషి కోసం వెతికాడు. పాతవాళ్లు ఊళ్ల నుంచి తిరిగి రాలేదు. మా వాడికి ఆ పని మీద ఎంతో ఆశ. మిల్లు రంగునీళ్లలో నిలబడి పాదాలు ఒరిసిపోతున్నాయి. సాంచా పని నా దగ్గరే నేర్చాడు. అడగడానికి మొహమాటపడి నన్ను అడగమన్నాడు. అడిగాను. చూస్తానన్నాడు.

ఒకరోజు బామ్మర్ది ఖాతాలో సాంచా మొరాయిస్తే బాగుచేయడానికి వెళ్లాను. సాంచాలు నడుస్తున్నప్పుడు పక్క మనిషి మాట కూడా వినపడదు. అందుకే మాకందరికీ పెదవులు చూసి మాట పట్టడం అలవాటు. ఆ కొసన బామ్మర్ది మా వైపు ఊరి మనిషితో మాట్లాడుతున్నాడు. యజమాని అయి గల్లా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాక, ఖాతాలో మాట దాగదన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

"అక్క కొడుకు మంచోడే," అన్నాయి అతని పెదవులు. "గని బొమ్మలతోని ఆడేటోనికి ఖాతా ఎట్ల అప్పజెప్పుదు?" తాళాలు ఆ మనిషి చేతిలో పెట్టాడు.

నాలుగు అడుగులు వేస్తే సరిపోయేది. నేను వంగి నట్టు బిగిస్తూ ఉండిపోయాను. ఇంటికి వెళ్లాక మా వాడు అడిగాడు, "మామ ఏమన్నడు బాపూ?"

"ఇంక సూస్తడట," అన్నాను.

కొన్ని రోజులకు నా భార్య తమ్ముణ్ని భోజనానికి పిలిచింది. ఆ ఉదయం నేను నిద్ర లేచేసరికి మా వాడు షెల్ఫు ముందు కూర్చుని, ఖాతా నుంచి తెచ్చిన చిందీ గుడ్డపేలికల్లో బొమ్మలను ఒక్కొక్కటే చుడుతున్నాడు. నీలం జుట్టు అమ్మాయి చేతి కత్తిని ఊడదీసి విడిగా కట్టాడు.

"ఎందుకురా?"

"మామ వస్తుండు గద. సూసి మల్ల ఏదో ఒకటి అంటడు, అమ్మకు బాధైతది. పెట్టెల పెడ్త. నీయి నీకు పైలం బాపూ, ఏదీ ఇరగది."

"తాళాల సంగతి..."

"తెల్సు."

"ఎందుకియ్యలేదో గూడ తెల్సా?"

"తెల్సు బాపూ." ముడి బిగించి, అన్నం డబ్బా సంచిలో వేసుకుని, సైకిలెక్కి మిల్లుకు వెళ్లిపోయాడు.

ఒక్కటి విరగ్గొట్టి ఉంటే నాకు తేలికయ్యేది. అంత అపురూపంగా చుట్టిన గుడ్డలను నేను మళ్లీ విప్పాను. అన్నిటినీ షెల్ఫులో నిలబెట్టాను.

బామ్మర్ది వచ్చి చెప్పులు విప్పుతుండగానే చెప్పాను. "గివన్నీ నాయి. వానియి కావు. ఆనాడు నేను అబద్ధం చెప్పిన."

అతను పగలబడి నవ్వాడు. "కొడుకును మస్తు కాపాడ్తున్నవ్ బావా! వానికి లగ్గం గిట్ల సూస్తున్నరా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. అక్కతో, "బావకు ఎండ తగిలినట్టున్నది," అన్నాడు.

"ఎండ కాదు, సిగ్గు తగిలింది. జర ఆలిశం అయ్యింది," అంది నా భార్య.

ఫోను తీసి ఆట తెరిచాను. జట్టు పిల్లల గొంతులు ఒక్కసారిగా వచ్చాయి. "కాకా ఆ గయే! సూరత్‌వాలే కాకా, ఆగే ఆవ్!" ముందుకు రమ్మని ఒకటే పిలుపు. బామ్మర్ది నోరు తెరిచి నా బొటనవేళ్లనే చూస్తూ ఉండిపోయాడు. ఆ ఆట గెలిచాం. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు, ఈ మాట గొప్పకే చెబుతున్నాను. తర్వాత నీలం జుట్టు అమ్మాయిని అతని చేతిలో పెట్టి లంగా కుచ్చులు చూపించాను. నేతగాడే కదా, వేలితో అంచు తడిమి చూశాడు.

"బట్ట లెక్కనే ఉన్నది," అన్నాడు మెల్లగా. బొమ్మను షెల్ఫులో పెడుతూ, "మరి వాడెందుకు నాయే అన్నడు?"

"నా తల వొంగొద్దని."

అన్నం చల్లారిపోయింది. ఖాతా మనిషికి మాట ఇచ్చేశానని, ఇప్పుడు తీసేయలేనని అతను చెప్పాడు. అది న్యాయమే. మా వాడి పేరు మాత్రం తన నోట ఇక ఆ రకంగా రాదన్నాడు.

సాయంత్రం పాండేసర వెళ్లి మిల్లు గేటు బయట నిలబడ్డాను. షిఫ్టు వదలగానే సైకిళ్లు గుంపుగా వచ్చాయి. వాటి మధ్యలో వాడు, మోచేతుల దాకా ఎర్ర రంగుతో. ఇంత పెద్ద మనసున్న మనిషి నా కొడుకని అక్కడున్న వాళ్లందరికీ చెప్పాలనిపించింది. నన్ను చూసి వాడు కంగారుపడ్డాడు.

"ఏమైంది బాపూ? అమ్మ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది." సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాను. నాకంటే చిన్నవాళ్లకు ఎవరికీ అంతకుముందు ఆ మాట చెప్పి ఎరగను. "బొమ్మలు నాయని మీ మామకు చెప్పిన. నీకు రావాల్సిన తాళాలు నా సిగ్గు వల్ల పోయినయ్. తాళాలు ఇస్తుంటే సూసి గూడ నోరు మూసుకున్న, ఇంటికొచ్చి నీకు గూడ అబద్ధం చెప్పిన. తప్పు నాది బిడ్డా. నన్ను మాఫ్ చెయ్యి."