గట్టు మీద కంపైలైన నీళ్ల వంతు

మొత్తానికి ఈ రోజు సాధించాను! ల్యాప్‌టాప్ లేదు, నెట్ సిగ్నల్ లేదు. నకరికల్లు దగ్గర మా మిరప చేను గట్టు మీద కూర్చుని, ఫోన్‌లోనే సీ భాషలో ప్రోగ్రాం రాసి, రాసినదాంట్లో తప్పులు పట్టే కంపైలర్‌తో ఫోన్‌లోనే కంపైల్ చేసి, అక్కడికక్కడే నడిపించాను. కాలవకు పన్నెండు గంటలు నీళ్లు వదిలితే, మా నలుగురు రైతుల్లో ఎవరి ఎకరాలకు ఎంతసేపు వంతు వస్తుందో చెప్పే ప్రోగ్రాం అది. సెమికోలన్లు బొటనవేలితో వెతికి వెతికి కొట్టాక, ఒక్క ఎర్రర్ కూడా లేకుండా జవాబు వచ్చేసరికి గట్టిగా కేకేశాను.

పక్క చేను మస్తాన్ బాబాయ్ పార పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మాయ్, పామా?"

"కాదు బాబాయ్, ప్రోగ్రాం నడిచింది! నీ వంతు మూడు గంటలు."

"నా చేను చిట్టచివర గదా. నీళ్లు నా మడి దాకా పారేసరికే అరగంట పోద్ది. అది ఎవరి వంతులో ఏశావు?"

అక్కడే కూర్చుని ఆ అరగంటను నలుగురి వంతుల్లోనూ పంచి, మళ్లీ కంపైల్ చేశాను. అప్పుడుగానీ బాబాయ్ కదల్లేదు.

ఇక నుంచి నాకు రెండు కంపైలర్లు. చేతిలో ఒకటి, పక్క చేలో ఒకటి. మీ రెండో కంపైలర్ ఎవరు?