ఫ్లూ సూది, నా కాళ్ళ భయం

ఆ రోజు పొద్దున్న డయాలసిస్ వార్డులో నడుస్తుంటే నా కాలి చెప్పు జారిపోయింది. జారిన సంగతి నాకు తెలియలేదు. వెనకనుంచి ఆయా పిలిచి, సిస్టర్, మీ చెప్పు ఇక్కడుండిపోయిందని చెబితే అప్పుడు చూసుకున్నాను. అరికాళ్ళలో తిమ్మిరి ముందురోజు నుంచే ఉంది. పొద్దస్తమానం నిలబడి చేసే ఉద్యోగం కదా, మామూలేలే అనుకున్నాను.

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. మా నర్సులకు ఒక అలవాటుంది. మాకు ఒంట్లో బాగోకపోతే ఓపీ చీటీ తీసుకోం. తలనొప్పికి ఒక మాత్ర, నీరసానికి ఒక సెలైన్, తిమ్మిరికి ఒక బీ ట్వెల్వ్ విటమిన్ సూది. టీ తాగే గదిలోనే ఒకరికొకరం వైద్యం చేసేసుకుంటాం. ఆ రోజూ అంతే. నాకంటే సీనియరైన సుగుణక్క నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, జబ్బకు సూది వేసి, రేపటికి తగ్గిపోతుందిలే అంది.

మర్నాడు మంచం దిగబోతే కాళ్ళు నిలవలేదు. గోడ పట్టుకున్నాను. మధ్యాహ్నానికి మోకాళ్ళలో కూడా బలం పోయింది. మా అమ్మ నాతోనే ఉంటుంది. మాది భోగాపురం వైపు సముద్రం ఒడ్డు ఊరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని నన్ను చదివించిన మనిషి, నా అవస్థ చూసి పరుగున వెళ్ళి ఆటో పిలుచుకొచ్చింది.

మా ఆసుపత్రి క్యాజువాలిటీ డాక్టరు నా మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు కదలలేదు. రెండో కాలూ అంతే. అతని మొహం మారిపోయింది. ఆ సాయంత్రమే అంబులెన్సులో విశాఖ పంపించారు.

అక్కడి న్యూరాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న, ఈ రెండు మూడు వారాల్లో జ్వరంగానీ మోషన్స్‌గానీ వచ్చాయా అని. వచ్చాయి. ఒక పెళ్ళి భోజనం తర్వాత విపరీతంగా మోషన్స్ అయ్యాయి. తగ్గిపోయాక ఆ సంగతే మరిచిపోయాను. నరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే నెర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. వెన్నులోంచి నీరు తీశారు, ప్రోటీన్ ఎక్కువుందన్నారు. "జీబీఎస్ అమ్మా. గిలాన్ బారీ. ఆ ఇన్ఫెక్షన్ మీద పోట్లాడాల్సిన మీ ఇమ్యూనిటీ మీ నరాల మీద పడింది" అన్నాడాయన.

ఆ ఇమ్యూనిటీని అదుపు చెయ్యడానికి అయిదు రోజులు ఐవీఐజీ మందు ఎక్కించారు. ఐసీయూలో గంటగంటకూ ఒక సిస్టర్ వచ్చి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టు అనేది. అంకె తగ్గితే వెంటిలేటరు దగ్గరపడ్డట్టు. నర్సును కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు, తెలియడమే నా ఖర్మ. ఆమె వెళ్ళిపోయాక కూడా నాలో నేను లెక్కపెట్టుకుంటూనే ఉండేదాన్ని. కునుకు పడితే అంకె ఎక్కడ ఆగిందోనని ఉలిక్కిపడి లేచేదాన్ని.

ఊపిరి నిలబడింది. ఇంటికి పంపించారు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నానని సంబరపడేలోపు ఒక పొద్దున్న చేతిలోంచి గ్లాసు జారింది. చేతులు కూడా పోతున్నాయి. మళ్ళీ విశాఖ, మళ్ళీ ఐవీఐజీ. కొందరికి ఇలా తిరగబెడుతుంది, ఇది కూడా తగ్గుతుంది అన్నాడు డాక్టరు. నేను నమ్మలేదు. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి మీద విసుక్కున్నాను, ఏడ్చాను, మళ్ళీ చేశాను. ఏడాది తిరిగేసరికి డ్యూటీలో చేరాను. బాగా అలిసిపోతే ఎడమ పాదం కొంచెం వేలాడుతుంది, అంతే.

జబ్బు తగ్గింది గానీ మా అమ్మ మనసులో ఒకటి గట్టిగా నాటుకుపోయింది. మోషన్స్ సంగతి ఎన్నిసార్లు చెప్పినా వినదు. "ఆ సూది ఏసినాకే కదే నీ కాళ్ళు పడిపోనాయి" అంటుంది. సూదికి ముందే తిమ్మిరి ఉందే అంటే, తిమ్మిరి వేరు, పడిపోవడం వేరు అంటుంది. సుగుణక్క పైకి ఏమీ అనదు గానీ ఆమెదీ అదే దిగులు. ఆ తర్వాత నా ఒంటి మీద ఆమె సూది పెట్టలేదు. నాకు రక్తపరీక్ష చేయాల్సి వచ్చినా ఇంకొకరిని పిలిచేది.

ఇలా ఉండగా మా డయాలసిస్ వార్డులో బొబ్బిలి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయనకు ఫ్లూ సోకింది. న్యుమోనియాలోకి దిగి చనిపోయాడు. ఆ వారం మా స్టాఫులో సగం మందిమి దగ్గుతూనే డ్యూటీ చేశాం. ఎవరి నుంచి అంటుకుందో ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాతి సీజనుకు నోటీసు వచ్చింది. ఆసుపత్రిలో పనిచేసే ప్రతివాళ్ళూ ఫ్లూ వ్యాక్సిన్ వేయించుకోవాలి. డాక్టరు కాగితం తెచ్చినవాళ్ళకు మినహాయింపు ఉంటుంది, కానీ వాళ్ళు డయాలసిస్‌లో, ఐసీయూలో ఉండకూడదు, ఓపీ కౌంటరుకు మారాలి.

ఆ నోటీసు చదివిన దగ్గర్నుంచి నాకు స్థిమితం లేదు. జీబీఎస్ వచ్చినవాళ్ళు ఫ్లూ వ్యాక్సిన్ ముందు డాక్టరును అడగాలని నేనే చదువుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని తిరిగాను. చివరి రోజు ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసే మేడమ్ గదికి వెళ్ళి చెబితే ఆమె తల కూడా ఎత్తలేదు. అప్పటికే ఒకరికి జలుబట, ఒకరికి ఉపవాసమట, ఒకరికి ఆ రోజు వర్జ్యమట. నాదీ ఆ వరసలో కలిపేసింది. నాకు ఒళ్ళు మండింది. కాగితాలన్నీ బల్ల మీద పెట్టాక చూసి, మొదటిరోజే చెప్పొచ్చు కదమ్మా, విశాఖ వెళ్ళి అడిగి రండి, అందాకా ఆగుతాను అంది.

అమ్మ కూడా వస్తానంది. నాకు వైద్యం చేసిన న్యూరాలజిస్టు ముందు కూర్చుని సూటిగా అడిగేసింది. "బాబూ, ఈ సూది ఏత్తే నా పిల్లకి మల్లీ ఆ రోగం రాదని సెప్పగలవా?"

"అస్సలు రాదని చెప్పలేనమ్మా. కానీ పోయినసారి వచ్చింది మోషన్స్ వల్ల, వ్యాక్సిన్ వల్ల కాదు. అసలు ఫ్లూ వచ్చినా జీబీఎస్ రావచ్చు. వ్యాక్సిన్‌తో ఉన్న భయం దానికంటే చాలా తక్కువ. నా ఉద్దేశంలో వేయించుకోవచ్చు. వద్దనుకుంటే కాగితం రాసిస్తాను, తప్పేం లేదు" అన్నాడాయన.

రాదని చెప్పలేనన్నాడు, అదొక్కటే అమ్మ చెవిన పడింది. బస్సులో విజయనగరం దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. నాకేమో ఓపీ కౌంటరులో కూర్చున్నట్టూ, నా డయాలసిస్ మిషను దగ్గర ఇంకెవరో నిలబడ్డట్టూ కళ్ళకు కట్టింది. ఆ పెద్దాయన కూడా గుర్తొచ్చాడు. ఆ వారం దగ్గినవాళ్ళలో నేనూ ఉన్నాను. బస్సు దిగేసరికి నిర్ణయం అయిపోయింది. భయం మాత్రం దిగలేదు.

వ్యాక్సిన్ బల్ల దగ్గర ఉన్నది సుగుణక్క. నన్ను చూడగానే ట్రే పక్కకు నెట్టేసింది. "ఇంకొకరిని పిలుస్తానే. నా సెయ్యి అచ్చి రాలేదు నీకు" అంది.

"ఇంకొకరు వేస్తే నేను వెళ్ళిపోతాను. నీ చేతి వల్ల నాకేమీ కాలేదక్కా" అన్నాను.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి వేసింది. సూది తీశాక దూది ఒత్తిపట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆమె కళ్ళు తడిశాయి, నావీ తడిశాయి.

ఆరు వారాలు జాగ్రత్తగా చూసుకోమన్నాడు డాక్టరు. ఆ ఆరు వారాలూ నరకమే. పాదాల్లో బలం ఉందో లేదోనని పళ్ళు తోముకుంటూ మడమల మీద నడిచి చూసుకునేదాన్ని. నడుస్తుంటే వెనక అమ్మ నిలబడేది. ఒకరోజు డ్యూటీ దిగాక పాదాల్లో తిమ్మిరి మొదలైంది. ఈసారి టీ గదికి వెళ్ళలేదు. ఓపీ చీటీ తీసుకుని లైనులో నిలబడ్డాను. డాక్టరు సుత్తితో మోకాలి మీద కొట్టాడు. కాలు ఎగిరి ఆయన బల్లకు తగిలింది. రిఫ్లెక్స్ బ్రహ్మాండంగా ఉంది, పొద్దుటినుంచీ కూర్చోలేదేమో చూసుకోండి అన్నాడు. కూర్చోలేదు.

ఇప్పుడు డయాలసిస్ వార్డులోనే ఉన్నాను. ఈ ఏడాది నోటీసు కూడా వచ్చింది. నోటీసు చూస్తే ఇప్పటికీ భయమే, అయినా వేయించుకుంటాను. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. "నువ్వు బాగున్నావు గాబట్టి సరిపోనాది, నాను మాత్రం సరే అనను" అంటుంది. ఆమెతో వాదించడం మానేశాను. నా కాళ్ళు పడిపోయినప్పుడు ఎత్తి కూర్చోబెట్టింది ఆమె.

నాలాంటి జబ్బు వచ్చి తగ్గి, ఆసుపత్రుల్లో పనిచేస్తున్నవాళ్ళకు ఒక్క మాట చెబుతాను. వ్యాక్సిన్ రూలు వచ్చిన మొదటిరోజే మీ పాత జబ్బు సంగతి చెప్పండి. అప్పుడు వైద్యం చేసిన డాక్టరునే అడగండి. చివరి రోజు చెబితే మీ నిజమైన భయం కూడా సాకులాగే వినిపిస్తుంది.