ఎక్కగలిగే చెట్టు

చెట్టు గీయడం నాకు రాదన్న సంగతి ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నాకు తెలియలేదు. పెంటపాడులో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. మా బడిలో టీచరంటే అన్నీ చెయ్యాలి. ముక్కులు తుడవాలి, బస్సులు ఎక్కించాలి, వార్షికోత్సవానికి డాన్సులు నేర్పాలి, గోడలకు చార్టులు గీయాలి. ఆ ఏడు నా వంతుకు ‘చెట్టు, దాని భాగాలు’ వచ్చింది. తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో, నాన్న మంచం పక్కన నేల మీద చార్టు పరుచుకుని ఒక స్తంభం గీశాను. దాని మీద పచ్చటి మబ్బొకటి పెట్టాను. మధ్యలో నాలుగు ఎర్ర పళ్ళు వేసి, బాగానే వచ్చిందనుకున్నాను.

అప్పటికి నాన్న మంచాన పడి ఐదు నెలలు. నడుము కింద స్పర్శ లేదు. ఆయన కొమ్మలు కొట్టే మనిషి. వానలు మొదలయ్యేలోపు కరెంటు తీగల మీదికి పెరిగిన కొమ్మలన్నీ కొట్టించాలి. ఆ పని కాంట్రాక్టర్లకు ఇస్తారు, కాంట్రాక్టర్లు మా నాన్న లాంటి వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్తారు. ముప్ఫై ఏళ్ళు అదే పని చేశాడు. మా వైపు రోడ్ల మీద తీగల కింద నడిమి కొమ్మలు లేకుండా అటూ ఇటూ మాత్రమే పెరిగిన చెట్లు చూసి ఉంటారు. వాటిలో కొన్ని మా నాన్న చేతివే. కొల్లేరు పక్కన రోడ్డు మీద ఒక నిద్రగన్నేరు ఎక్కి పడిపోయాడు. ఏలూరు పెద్దాసుపత్రిలో నెలన్నర ఉంచి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఇంటికి వచ్చాక మాట్లాడడం మానేశాడు. అమ్మ పక్క మారుస్తుంటే గోడ వైపు చూస్తూ ఉండేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి అయ్యగారు వచ్చి తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసినా కళ్ళు తెరిచేవాడు కాదు. అంతా దేవుని చిత్తం అని అయ్యగారు అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా టీ ఇచ్చి పంపేదాన్ని.

అలాంటి మనిషి ఆ సాయంత్రం మంచం అంచుకు తల తిప్పి నా చార్టు చూశాడు.

“ఏంటమ్మా అది?”

“చెట్టు నాన్నా.”

“దీన్ని ఎవడెక్కుతాడమ్మా?”

చార్టు పైకెత్తమన్నాడు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు కాళ్ళలాగా చేసి స్తంభం మొదట్లో నిలబెట్టాడు. వేళ్ళు రెండడుగులు పైకి వేసి ఆగిపోయాయి. “కాలు పెట్టే చోటేదీ?” అన్నాడు. వంటింట్లోంచి అమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది, ఆయన గొంతు విని. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళూ నోరు విప్పని మనిషి నా చార్టును వెక్కిరించడానికి విప్పాడు.

చార్టు చూసి హెడ్‌మిస్ట్రెస్ గారు భలే ఉందన్నారు. నాకు మాత్రం దాన్ని గోడ మీద చూసినప్పుడల్లా సిగ్గేసేది. ఇంటికొచ్చి ఫోన్లో వీడియోలు పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. నిజం చెట్టులా గీయడం ఎలా అని ఒకాయన చక్కగా చూపిస్తాడు. పెన్సిలు పక్కకు వాల్చి నీడ వేయడం, ఆకులు ఒక్కొక్కటీ గీయకుండా గుత్తులు గుత్తులుగా చూపించడం. కానీ ఆయన గీసేవన్నీ మంచు కురిసే దేశాల చెట్లు. వాటిని నాన్న ముందు పెడితే వేళ్ళు ఎటెక్కాలో తెలియక నిలబడిపోయేవి.

అందుకని నాన్నే చెప్పడం మొదలుపెట్టాడు. మానులోంచి కొమ్మ మేకు దిగేసినట్టు రాదు, మొదట్లో వాపు ఉంటుంది, ఆ వాపు లేకపోతే బరువు ఆగదు. రెండు కొమ్మలు మరీ దగ్గరగా నిక్కబొడుచుకుని లేస్తే నడిమికి చీలిపోతాయి, అక్కడ కాలు పెట్టకూడదు. చింత కొమ్మ మణికట్టంత ఉన్నా మోస్తుంది. వేప విరిగే ముందు చప్పుడు చేస్తుంది. మునగ చెప్పాపెట్టకుండా విరిగిపోతుంది. ఇలా వరుసగా చెబుతూ నిద్రగన్నేరు దగ్గరకొచ్చేసరికి ఆగి, మంచినీళ్ళు ఇమ్మనేవాడు. ఆయనకు పెన్సిలు పట్టడం కూడా సరిగ్గా రాదు. సంతకం పెట్టమంటే చెమటలు పట్టేవి. ఆయన నా గురువు. ఆ తర్వాతి ఎండాకాలం దాటలేదాయన, వీపు మీద పుళ్ళు మానలేదు. ఇప్పుడు తలుచుకుంటే మేమిద్దరం అన్ని మాటలు మాట్లాడుకున్నది ఆ కొద్ది నెలల్లోనే. నా చిన్నప్పుడు ఆయన పనిలో ఉండేవాడు, తర్వాత నేను చదువులో ఉన్నాను.

సెలవు రోజుల్లో చెట్ల కోసం తిరిగేదాన్ని. పెదవేగిలో చిన్నమ్మ ఇంటికి వెళ్ళి పామాయిలు తోట ఒకటి గీసుకొచ్చాను, వరుసలు చక్కగా కుదిరాయని మురిసిపోతూ. నాన్న ఒక్కసారి చూసి పక్కన పెట్టేశాడు. “కొమ్మ లేనిదానికి నేనేం చెప్పనమ్మా?” అన్నాడు. బడి ముందున్న కానుగను ఆరు సార్లు గీశాను. ఆరోదాన్ని ఆయన వేళ్ళు చివరి దాకా ఎక్కాయి. పైన కాసేపు నిలబడి చెయ్యి తీసేశాడు. “పరవాలేదు,” అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను వారం రోజులు బడిలో పిల్లల్ని కసరలేదు.

ఇదంతా నేను ఊరికే చెయ్యలేదు. నా మనసులో ఒకటుంది. నాన్న పడిన రోజు నుంచీ మా పేటలో ఒక మాట తిరుగుతోంది. పని చేయించే మేస్త్రీ అన్నాడట, “పెద్దాయనకి చూపు ఆనట్లేదండీ, పచ్చి కొమ్మేదో ఎండు కొమ్మేదో తెలియక కాలేశాడండీ” అని. ఆసుపత్రిలో మంచం పక్కనే నిలబడి ఎవరితోనో అంటుంటే నేను కూడా విన్నాను. నాన్న కూడా విన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క కొమ్మ విషయంలోనూ పొరబడని మనిషిని పట్టుకుని అంత మాట అన్నారనే ఆయన నోరు మూసుకున్నాడని నేను అనుకున్నాను. ఆ చెట్టు దగ్గరకు వెళ్ళాలి, విరిగిన చోటు చూడాలి, ఉన్నదున్నట్టు గీసి తీసుకొచ్చి ఆ మేస్త్రీ మొహం మీద పెట్టాలి. పచ్చి కొమ్మే, పైకి ఏ లోపమూ కనపడని కొమ్మే విరిగిందని నిరూపించాలి. ఫొటో తీస్తే చాలదా అంటారేమో. ఫొటో ఎవరైనా తీస్తారు. నాన్న నేర్పిన చేత్తోనే ఆ పని చెయ్యాలని నాకు పంతం.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక ఆదివారం ఏలూరు బస్సెక్కి, అక్కడి నుంచి షేర్ ఆటోలో కొల్లేరు వైపు వెళ్ళాను. ఊళ్ళు దాటాక రెండు పక్కలా చేపల చెరువులే. గట్ల మీద చెట్లుండవు. ఆకు రాలితే నీళ్ళు పాడవుతాయి, పిట్టలు వాలితే చేపల్ని తినేస్తాయి, అందుకని మొక్కగా ఉండగానే పీకేస్తారు. రోడ్డు వెంబడి మిగిలినవే చెట్లు. కల్వర్టు పక్కన నిద్రగన్నేరు అని అమ్మ చెప్పిన గుర్తు, వెతుక్కోవలసిన పని లేకపోయింది.

విరిగిన చోట మూరెడు మొండి మిగిలి ఉంది. కింద నుంచే కనపడింది. బెరడు ఏనాడో ఊడిపోయింది. బూడిద రంగు కర్ర, దాని మీద పుట్టగొడుగులు ఎండి అతుక్కుని ఉన్నాయి. అది చచ్చి రెండేళ్ళయినా అయి ఉంటుంది. నాలుగు నెలల కిందట స్తంభం మీద మబ్బు పెట్టి చెట్టు అనుకున్నదాన్ని, నాకే తెలిసిపోయింది. చూపున్న వాళ్ళెవరూ దాని మీద కాలు పెట్టరు. మేస్త్రీ అన్న మాటే నిజం.

కల్వర్టు మీద కూర్చుని చాలాసేపు గీశాను. మాను గీశాను, వేళ్ళు గీశాను, తీగల కోసం నరికిన పాత గాట్లన్నీ గీశాను. అన్నీ ఉన్నట్టే వచ్చాయి. మొండి దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగింది. అప్పుడు దాన్ని పచ్చి కొమ్మగా వేసేశాను. మొదట్లో వాపు, గరుకు బెరడు, చివర ఆకుల గుత్తులు. నేను నేర్చుకున్న విద్యంతా ఆ ఒక్క కొమ్మ మీదే పెట్టి అబద్ధం గీశాను. మేస్త్రీ సంగతి తర్వాత, ముందు నాన్న దాన్ని చూసి తన తప్పేమీ లేదనుకుంటే చాలనిపించింది.

మర్నాడు బడి నుంచి వచ్చాక బొమ్మ ఆయన గుండెల మీద పెట్టాను. ఏ చెట్టో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆయన వేళ్ళు మాను మొదట్లో నిలబడి, నెమ్మదిగా ఎక్కి, పచ్చి కొమ్మ మొదటికి వచ్చి ఆగాయి.

“ఇక్కడ బెరడు లేదమ్మా,” అన్నాడు.

నేను పెన్సిళ్ళు డబ్బాలో సర్దసాగాను.

“నీకు కనపడలేదా?”

“కనపడింది.”

“మరి?”

నాకు ఉక్రోషం ఆగలేదు. “నీకెందుకు కనపడలేదు నాన్నా? మేస్త్రీ అన్నది నిజమేనా? నీకు చూపు ఆనట్లేదా?” అని అరిచేశాను. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“చూసేనమ్మా,” అన్నాడు నాన్న. “ఎక్కకముందు, కింద నుంచే చూసేను.”

ఆ తర్వాత మెల్లగా చెప్పాడు. ఆ రోజు మబ్బు పట్టింది. మబ్బు పట్టిన రోజున చెరువుల్లో చేపలకు గాలి చాలదు, నీళ్ళలో గాలి చిలికే ఏరియేటర్లు కరెంటుతో తిరుగుతూనే ఉండాలి. కొమ్మలు కొట్టడానికి కరెంటు ఆపి ఉంచే గడువు అయిపోవచ్చింది. చెరువుల వాళ్ళు పదిమంది చెట్టు కిందికి వచ్చేశారు. చేపలు తేలిపోతున్నాయని ఒకాయన ఏడుస్తున్నాడు. మేస్త్రీ కింద నుంచి, “బాబాయ్, రెండు నిమిషాల్లో లైను ఇచ్చేయాలండీ, కానిచ్చేయండీ,” అని కేకలు పెడుతున్నాడు. ఇంకొక్క కొమ్మే మిగిలింది.

“మాను వెనకాల మంచి కొమ్మ ఉందమ్మా. చుట్టూ తిరిగి వెళ్ళాలి. నడుముకి కట్టిన తాడు విప్పుకుని అటు కట్టుకోవాలి. అంత టైము లేదనుకున్నాను. ఇటు నుంచి ఒక్క అంగలో దాటేద్దామని తాడు విప్పేసేను. తేలిగ్గా కాలేస్తే ఆగుతుందనుకున్నాను.”

“మరి ఆ మేస్త్రీ అన్ని మాటలంటుంటే ఎందుకూరుకున్నావు?”

ఆయన అమ్మ వైపు చూడకుండా నా వైపే చూశాడు. “చూపు లేక పడ్డాడంటే జాలి పడతారు. చూసి కూడా వేసేడంటే, మీ అమ్మకి నేనేం చెప్పను?”

అమ్మ మంచం దగ్గరకు వచ్చి, దుప్పటి కింద ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

“చెరిపెయ్యమ్మా,” అన్నాడు నాన్న. “ఎలా ఉందో అలాగే వెయ్.”

నేను గీసిన వాటిలోకెల్లా బాగా వచ్చిన కొమ్మ అది. రబ్బరుతో చెరిపి, ఆ చోట ఎండు కొమ్మను వేశాను, విరగక ముందు ఎలా ఉండేదో ఆయన చెబుతుంటే. బెరడు లేకుండా, ఆకు లేకుండా. ఆయన చూసి తలూపాడు. తర్వాత వెనక కొమ్మ కూడా వెయ్యమన్నాడు. రోడ్డు వైపు నుంచి మానుకు అడ్డం పడి నాకది కనపడలేదు. ఎక్కడ మొదలవుతుంది, ఎంత లావు, ఎటు వంగుతుంది, అన్నీ నిన్న చూసి వచ్చిన వాడిలా చెప్పాడు. కష్టపడి వేశాను. మొదట్లో వాపు వెయ్యడం మరిచిపోలేదు.

బొమ్మ మళ్ళీ గుండెల మీద పెట్టించుకున్నాడు. రెండు వేళ్ళూ మాను మొదట్లో నిలబెట్టాడు. ఎక్కాడు. ఎండు కొమ్మ దగ్గర ఆగాడు. ఎడం చెయ్యి కూడా తెచ్చి, లేని తాడును విప్పాడు. వేళ్ళు మాను చుట్టూ తిరిగి మంచి కొమ్మ మీదికి వెళ్ళాయి. అక్కడ తాడు బిగించి కట్టాడు. కొమ్మ వెంబడి చివరికంటా నడిచాడు, గోటితో కాగితం మీద ఒక గాటు పెట్టాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు. అంతకుముందు ఏ బొమ్మ మీదా ఆయన కిందికి దిగలేదు, పైదాకా వెళ్ళి చెయ్యి తీసేసేవాడు. ఈసారి ఒక్కో అడుగూ చూసుకుంటూ దిగి, వేళ్ళు రెండూ నేల మీద ఆనించి నిలబడ్డాడు.

నేను గోడ మీది గడియారం చూస్తూనే ఉన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.