చర్చి డబ్బాలో పిడికెడు బియ్యం

పోయిన బుధవారం ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది, మా మేనత్త కన్నుమూసిందని. పెనుకొండ బళ్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. చర్చికి పోయే కుటుంబంలో పుట్టి, దేవుడు లేడని నెమ్మదిగా, నవ్వుతూ చెప్పిన మనిషి. ఆ ధైర్యం నాకు ఆమె దగ్గరే అబ్బింది. పొగరు మాత్రం నా సొంతం.

"నరకం భయంతో చేసే మంచి మంచెట్లయితాది?" అనేది. "నేను పక్కింటోళ్లకు చేసిన తప్పును దేవుడెట్ల మన్నిస్తాడు? దెబ్బ తగిలింది వాళ్లకు కదా?" తొంభైల్లో హిందూపురం కాలేజీలో ఈ మాటలన్నీ నావేనన్నట్టు చెప్పుకు తిరిగాను.

మా అవ్వ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి చర్చి డబ్బాలో వేసేది. ఒక వేసవిలో ఆమెకు చూపు మందగించి వంట నా చేతికొచ్చింది. డబ్బాను చర్చికి చేర్చేదీ నేనే. దేవుడికి ఆకలేమిటని నెలంతా ఒక్క పిడికెడూ వెయ్యలేదు. అత్త మెచ్చుకుంటుందని గొప్పగా చెప్పాను.

అత్త నవ్వలేదు. "మీ ఇంటి డబ్బా పాస్టరయ్య ఎవరికిస్తాడో తెలుసునా?" అంది. తెలియదన్నాను. చర్చి వెనక రేకుల ఇంటికి తీసుకుపోయింది. ఒంటరి ముసలామె పలచటి రాగిజావ తాగుతోంది.

"మీ ఇంట్లో ఏం కష్టమొచ్చెనో అనుకుంటి తల్లీ. మీకోసం రోజూ ప్రార్థన చేస్తాండా," అంది నన్ను చూసి.

సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చే నెల రెండింతలు వేస్తానని అత్త చెవిలో గొణిగాను.

"దేవుడు లేడని తేల్చినావు, సరే. ఆయమ్మ ఉండాది కదా?" అంది అత్త. "దేవుడుంటే ఆయన్నడిగి తప్పు కడిగేసుకోవచ్చు. మనకా వీలు లేదు. ఆయమ్మనే అడగల్ల."

అడిగాను. ముసలామె తన గిన్నెలోని జావ సగం నాకు పోసింది. గుక్క గుక్కగా ఆ జావంతా తాగాను. అత్త గడప దగ్గరే నిలబడి ఉంది, తొందరపెట్టలేదు. ఏది తప్పో ఏది ఒప్పో తెలియక తడబడినప్పుడల్లా నేను మనసులో ఆ గడపకే పోతుంటాను.

మొన్న అత్తను మట్టి చేసి వచ్చాక, టీ కోసం ఆమె వంటింట్లో చక్కెర వెతుకుతుంటే బియ్యం బస్తా పక్కనే ఒక డబ్బాలో విడిగా తీసిపెట్టిన బియ్యం కనిపించాయి. ఎవరికని పక్కింటావిడను అడిగాను. "మా వీధి చివర మగ్గం ఆపేసిన ముసలాయనకు. ఎవరూ లేరు ఆయనకు," అంది.

ఏడుపు అప్పుడొచ్చింది. డబ్బా కుదపకుండా రెండు చేతులా పట్టుకుని ఆ ఇంటికి నడిచాను. పైన అత్త వేసిన ఆఖరి పిడికెడు ఇంకా చిన్న గుట్టగానే ఉంది.